కంచె లోపలి తోట

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ మొదటి సీజన్‌లో మూడో ఎపిసోడ్ పేరు ‘లాంగ్ లాంగ్ టైమ్’. 2023 జనవరి 29న వచ్చింది. 2003లో ఒక శిలీంధ్రం మనుషుల మెదళ్లని పట్టేసి లోకం కూలిపోయిందన్నది సిరీస్ కథ. చీమల్ని పట్టి ఆడించే కార్డిసెప్స్ జాతి శిలీంధ్రం నిజంగానే ఉంది. మనుషుల్ని పట్టడమే కల్పన. ఊరు ఖాళీ అయ్యాక బిల్ అనే ఒంటరివాడు చుట్టూ కరెంటు కంచె కట్టి, తుపాకులూ తిండీ పోగేసుకుని హాయిగా ఉంటాడు. జనం పోయారన్న దిగులే లేదు. కొన్నేళ్లకి అతను తవ్విన గోతిలో ఫ్రాంక్ పడతాడు. ఇద్దరూ మగవాళ్లే. ప్రేమించుకుని, ఒకే ఇంట్లో ముసలివాళ్లవుతారు.

ఫ్రాంక్ ఓసారి చెప్పకుండా బిల్ తుపాకీ ఒకటి ఇచ్చేసి స్ట్రాబెర్రీ విత్తనాలు తెస్తాడు. పండు కొరకగానే, ఏళ్ల తరబడి మొహం బిగించుకుని బతికిన ఆ గడ్డపాయన కిలకిలా నవ్వేస్తాడు. ఆ నవ్వు తనకే కొత్త. నిక్ ఆఫర్‌మన్‌కి ఈ పాత్రకి ఎమ్మీ వచ్చింది. ఆ నవ్వు ఒక్కదానికే ఇచ్చినా తప్పులేదు.

మా కొత్తపేట వాళ్లకి లోకం కూలడమంటే 1996 నవంబర్ 6. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. ఆ రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి, కొన్ని మొవ్వు విరిగి మొండాలుగా నిలబడ్డాయి. పెరట్లో నుంచుంటే పక్కూరి గుడి గోపురం కనబడింది. మధ్యలో అడ్డుండాల్సిన తోటలు లేవు.

వరి పోతే మళ్లీ పంటకి చూసుకుంటాం. కొబ్బరి పొడుగు రకం నాటితే ఆరేడేళ్లకి గాని కాపుకి రాదు. అప్పటికే డెబ్బై దాటిన మా తాతయ్య, పడిన మొద్దులు కోయించి తీసేయగానే తాడు పట్టించి పాతికేసి అడుగులకో గొయ్యి తవ్వించారు. ‘ఇవెప్పటికి కాస్తాయి తాతయ్యా?’ అంటే, తాడు సరిచేసుకుంటూ, ‘కాసినప్పుడు ఎవరో ఒకరు దింపు తీయించుకుంటార్లేరా’ అన్నారు.

ఫ్రాంక్ స్ట్రాబెర్రీ వేసింది తనకి తెలిసిన ఒక్క మనిషి కోసం. తాతయ్య చెప్పిన ఆ ‘ఎవరో’కి మొహం లేదు. ఈ రెంటిలో ఏది గొప్పదో తేల్చాలని నాకు లేదు. మనుషులంటేనే గిట్టని బిల్‌ని మళ్లీ మనిషిని చేసింది ఒక్కరి మీద ప్రేమే. చివరి ఉత్తరంలో అతనే ఆ మాట రాసుకుంటాడు. అయినా నాకు ముల్లులా గుచ్చుకునేది ముగింపే. జబ్బుతో కుంగిపోయిన ఫ్రాంక్ ఇక చాలనుకున్న రోజున ఇద్దరూ ఉంగరాలు మార్చుకుంటారు. రాత్రి ఫ్రాంక్‌కి ప్రాణం తీసే మందు కలిపిన వైన్ ఇచ్చి, అదే బిల్ కూడా తాగేస్తాడు. ఏడవకుండా చూడలేకపోయాను, ఒప్పుకోనూ లేకపోయాను. ఇంకా ఒంట్లో సత్తువ ఉన్నవాడు, పండించడం, కట్టడం, బాగుచేయడం అన్నీ వచ్చినవాడు. కంచె బయట మనుషులు అల్లాడుతున్నారు. తరవాత సిరీస్ కథానాయకుడు జోయెల్ వచ్చేసరికి ఇంటి ముందు పూలు ఎండిపోయి ఉంటాయి. నీళ్లు పోసే మూడో మనిషి ఆ ఊళ్లో లేడు. ఫ్రాంక్ మాత్రం బతికుండగా బయటివాళ్లని భోజనానికి పిలిచాడు. బిల్ ఆ బల్ల దగ్గర కూడా పిస్తోలు వదల్లేదు.

తుఫాను రాత్రి మా వీధిలో డాబా ఒక్కటే. పెంకులు లేచిపోతుంటే జనం పిల్లల్ని ఎత్తుకుని అక్కడికే పరిగెత్తారు. గట్టు తగాదాతో ఆ ఇంటివాళ్లతో ఏళ్లుగా మాటల్లేని కుటుంబం కూడా వెళ్లి తలుపు కొట్టింది. తీశారు. పొడి బట్టలిచ్చారు, ఉన్న అన్నంలో పచ్చడేసి పెట్టారు. అందుకు ప్రేమ అక్కర్లేకపోయింది, మొహాలు చూసుకోవాల్సిన పని కూడా లేకపోయింది. వాన తగ్గాక ఎవరిళ్లకి వాళ్లు పోయారు. గట్టు తగాదా ఆ తరవాత కూడా చాన్నాళ్లు నడిచింది.