లస్కరు మాట

నాయకుడంటే ధైర్యం, దూరదృష్టి, దయ ఉన్నవాడని మనం చెప్పుకుంటాం. ఇవన్నీ మంచి గుణాలే. కాని పెరుగుతున్న పనిచోట నాయకత్వాన్ని కొలవడానికి ఈ గుణాలు చాలవని నా అనుభవం.

సుమారు నలభై ఏళ్ళ క్రితం విజయవాడలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. చేరినప్పుడు మేము ఐదుగురం. యజమాని మాతోపాటు కేసు ముందు నిలబడి కంపోజు చేసేవాడు. తప్పు జరిగితే ఆయన కళ్ళెదుటే జరిగేది, అక్కడే దిద్దుకునేవాళ్ళం. తర్వాత పాఠ్యపుస్తకాల పని వచ్చి నలభైమందిమి అయ్యాం. ఆయనకొక గది, గదికి తలుపు, తలుపు ముందు మేనేజరు, మేనేజరు కింద ఫోర్‌మన్ ఏర్పడ్డారు.

ఒక రాత్రి లెక్కల పుస్తకం ఫారం మిషనెక్కాక, అందులో ఒక అంకె తారుమారైందని ఒక కుర్ర కంపోజిటరు కనిపెట్టి ఫోర్‌మన్‌తో చెప్పాడు. మిషను ఆపితే మేనేజరు ఊరుకోడని ఫోర్‌మన్ భయం. మిషను ఆగలేదు. తెల్లవారేసరికి వేల ప్రతులు పాడయ్యాయి. నష్టం ఆ కుర్రవాడి జీతంలో కోశారు. ‘‘నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?’’ అని యజమాని నిజంగానే బాధపడ్డాడు. అతను చెప్పాడని నాకు తెలుసు. పక్క బల్ల దగ్గరే ఉన్నాను. అయినా నోరు విప్పలేదు.

యజమాని చెడ్డవాడు కాడు. పెళ్ళికీ పురిటికీ అడగకుండానే డబ్బిచ్చేవాడు. అటువంటి మనిషి కింద ఇంత భయం ఎలా పెరిగింది?

దీనికి జవాబు మన కాలువగట్ల మీద దొరుకుతుంది. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్టకు 1952లో గండి పడింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి పూర్తయింది. ఆ 70 ఖానాల బ్యారేజి సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టును కాపాడుతున్నది. విజయవాడలోని ఇంజనీరు గేట్లను చూడగలడు గాని, దివిసీమలో కాలువగట్టుకు పడిన ఎలుక కన్నాన్ని చూడలేడు. దాన్ని చూసేవాడు గట్టు వెంట నడిచే లస్కరు. అతను వచ్చి చెప్పినప్పుడు ‘‘ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?’’ అని గద్దిస్తే, మరోసారి చూసికూడా చూడనట్టే పోతాడు. గట్టు తెగేదాకా కాగితాల మీద అంతా క్షేమమే.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. 1986 జనవరిలో అమెరికా వ్యోమనౌక చాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకే పేలి, ఏడుగురు చనిపోయారు. ఆ చలిలో ఎగరనివ్వవద్దని ఇంజనీర్లు ముందురోజు రాత్రే వాదించారు. ఆ మాట ఆఖరి ఉత్తరువు ఇచ్చేవారి దాకా పోలేదని విచారణ సంఘం తేల్చింది. అంతస్తులు పెరిగినకొద్దీ చెడు కబురు దారిలోనే ఆగిపోతుంది.

అందరి మాటా వింటూ కూర్చుంటే పని సాగేదెలా అని కొందరడుగుతారు. నిర్ణయం ఒకరే చేయవచ్చు. కాని తప్పు చూసినవాడికి మిషను ఆపే అధికారం ఉండాలి. అతని అనుమానం పొరపాటని తేలినా జీతానికి ముప్పు రాకూడదు. ఈ హామీ యజమాని దయమీద ఆధారపడితే ఐదుగురున్నంత కాలమే నిలుస్తుంది. నలభైమందికి ఆ దయ చేరాలంటే నలుగురి ఎదుట ఒప్పుకున్న నియమంగా మారాలి, దాన్ని అడిగి నిలబెట్టుకునే సంఘం పనివాళ్ళకుండాలి. తన మంచితనాన్ని ఇతరుల హక్కుగా మార్చి, ఆ హక్కుకు తానూ లోబడేవాడే పెరిగే పనిచోట మంచి నాయకుడని నా అభిప్రాయం.

ఐతే భారమంతా యజమాని మీదికి తోసి నేను తప్పుకోలేను. ఆ కుర్రవాడు నెల తిరక్కుండానే పని మానేశాడు. ఫోర్‌మన్‌కున్నంత భయం నాకు లేదు. ప్రూఫులు దిద్దేవాడి మాటకు అక్కడ కొంత విలువుండేది. ఆ రోజు ఆ గది తలుపు తట్టవలసినవాణ్ణి నేనే.