బానెట్ ఎత్తి చూద్దాం

కారు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బయలుదేరతాం. అంత ఇష్టంగా తెచ్చుకున్న బండిని వారానికో పది నిమిషాలు మన చేత్తో మనం చూసుకోవాలి.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తండి. డిప్‌స్టిక్ బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టి తీయండి. ఆయిల్ తడి దాని మీది రెండు గుర్తుల మధ్య కనబడాలి. కూలెంట్ డబ్బా మీదా అలాంటి గీతలే ఉంటాయి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తిప్పకండి; మరిగే నీళ్లు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. టైర్లలో గాలి ఎంతుండాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ చెబుతుంది. టైరు పక్క భాగం మీద తయారీ అంకెలు 2322 అని ఉంటే, అది 2022లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిందా, ఆ టైరు మార్చాల్సిందే.

తోటి కారు యజమానులు తమ అనుభవం చెబుతారు. శ్రద్ధగా వినండి, మీ కారుతో ఇచ్చిన మాన్యువల్‌తో సరిచూసుకోండి. ఒక బండికి పనికొచ్చే ఆయిల్ ఇంకోదానికి పడకపోవచ్చు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్లకండి. అది చేయి తిరిగిన మెకానిక్ పని. కారులో ఏదైనా చప్పుడు వస్తుంటే, అది ఎక్కడ, ఎప్పటినుంచి వస్తోందో మీరు చెప్పగలిగితే ఆయన పనీ తేలికవుతుంది.

ఈ ఆదివారం పిల్లల్నీ పక్కన నిలబెట్టుకుని ఇవన్నీ చూపించండి. మన కారు బాగుంటేనే మనవాళ్లూ, దారిన నడిచేవాళ్లూ క్షేమంగా ఇల్లు చేరతారు.