గీతకు ఖర్చెంత?

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మేనమామకూ, హైదరాబాదులో దుస్తుల డిజైన్లు చేసే మేనకోడలికీ నడిచిన మాట ఇది.

కోడలు: మామా, నువ్వు రోజుల తరబడి కూర్చుని వేసే జీవవృక్షాన్ని ఏఐ నిమిషంలో నలభై రకాలుగా గీసిస్తుంది.

మామ: నలభై ఎవరడిగారమ్మా?

కోడలు: ఖర్చు లేదుగా!

మామ: నీకు లేదు. ఇదిగో, ఈ గుడ్డ కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసింది. పాల జిడ్డుంది కాబట్టి రంగు పాకదు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరేసిన నీళ్లతో గీస్తే, కరక్కాయ వగరు తగిలి గీత నల్లబడుతుంది. ఇక చెరగదు. అందుకే కలం ఆనించే ముందే ఆలోచిస్తా. నీ మెషీనుకు ఆ జంకేదీ?

కోడలు: జంకితేనే కళా?

మామ: కాదులే. కానీ ఎక్కడ ఆపాలో నేర్పేది అదే.

కోడలు: మరి నీ రంగులు ఉత్తినే వస్తాయా? ఉడకబెట్టడానికి కట్టెలు, జాడించడానికి పారే నీళ్లు. స్వర్ణముఖి ఏరు ఎండితే?

(ఇక్కడ కోడలిదే పైచేయి. చేతిపని అనగానే పర్యావరణానికి మేలని ఒప్పేసుకోవడం మన బద్ధకం.)

మామ: ఖర్చే. కానీ ఏరెండితే నా పని ఆగుతుంది, నాకు తెలుస్తుంది. నీకెలా తెలుస్తుంది?

కోడలు: తెలీదు. ఏఐ నడిచేది డేటా సెంటర్లలో. 2024లో ప్రపంచ డేటా సెంటర్లు సుమారు 415 టెరావాట్ అవర్ల కరెంటు వాడాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. మొత్తం వాడకంలో ఒకటిన్నర శాతం. విశాఖలో గూగుల్ 1500 కోట్ల డాలర్లతో పెడతామన్నదీ డేటా సెంటరే. నా బొమ్మ వాటా ఎంతో బిల్లులో రాదు. అయినా ఒక లాభముంది మామా. డిజైన్ ఖాయమయ్యేలోపు ఎన్ని శాంపిళ్లు అచ్చేసి పారేస్తామో! అవి తెరమీదే తేలితే గుడ్డా రంగూ మిగులుతాయి.

మామ: దానికి వాడుకో, కాదనను. గీత ఎవరి దగ్గర నేర్చిందో అదీ చెప్పమను.

కోడలు: అది చెప్పదు మామా. 2018లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఏఐ బొమ్మ ఒకటి 4,32,500 డాలర్లు పలికింది. కింద సంతకం ఒక గణిత సూత్రం.

మామ: సూత్రానికి ఆకలేయదు కదా! అది చూసి నేర్చుకున్న పాత బొమ్మలవాళ్ల పేర్లేవి? ఇక్కడా అంతే. స్క్రీన్ ప్రింటు చీరనూ కలంకారీ అనే అమ్ముతున్నారు. రేపు మెషీను గీసిందీ అదే పేరుతో వస్తుంది.

కొనేది మనమే. గీత చేతిదా, స్క్రీన్‌దా, ఏఐదా, రంగు దేనిదని దుకాణంలో అడగండి. చెప్పలేకపోతే కలంకారీ ధర ఇవ్వకండి.