పశ్చాత్తాపము – మారుమనస్సు

పశ్చాత్తాపమను మాట రెండు ముక్కల కూడిక. పశ్చాత్ అనగా తరువాత; తాపమనగా మంట. కార్యము చేయి దాటిన పిమ్మట మనస్సును కాల్చు మంట యని యర్థము. ఈ మంట నెరుగని గృహస్థుడుగాని గృహిణిగాని యుండరు. చేతులు కాలినతరువాత ఆకులు పట్టుకొన్న నేమి లాభమని లోకము పరిహసించును. కాలిన చేతులవానికి ఆ పరిహాసము ఔషధము కాదు గదా! జరిగినదానిని మరల్ప వీలులేనప్పుడు దానిని విడిచిపెట్టుట ధర్మమా? విడిచిపెట్టినచో అది తప్పించుకొనుట కాదా? ఈ ప్రశ్న నన్ను చాలకాలము బాధించినది.

ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలిదినములలో నాకు సంస్కృతోచ్చారణమును గూర్చి మిక్కిలి గర్వముండెడిది. ఒకనాడు తరగతిలో నొక కూలివాని కుమారుడు పాఠము చదువుచు శకారములన్నిటిని సకారములుగా పలికెను. నేను వానివలెనే గొంతు మార్చి మరల చదివి చూపితిని. తరగతి యంతయు నవ్వెను. బాలుడు పుస్తకము మూసి కూర్చుండెను, మరునాడు రాలేదు, ఆపైని ఎన్నడును రాలేదు. కొన్ని నెలలకు వాని యింటికి పోగా, తల్లిదండ్రులతో గూడ పనికై ఊరు విడిచిపోయెనని పొరుగువారు చెప్పిరి. ఏ యూరికో వారికిని తెలియదు. క్షమాపణ చెప్పుకొనుటకు మనిషి లేడు. ఇరువదియేండ్లు గడచినను ఆ పుస్తకము మూసిన చప్పుడు నా చెవిలో నున్నది.

సువార్తలలో ఒకే రాత్రి తమ గురువునకు ద్రోహము చేసిన శిష్యులిద్దరు కనబడుదురు. యూదా ముప్పది వెండి నాణెములకు ఆయనను పట్టియిచ్చెను. పేతురు ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచు, ఆయనను తానెరుగనని ముమ్మారు బొంకెను. ఇద్దరును దుఃఖించిరి. యూదా నాణెములను తిరిగి తెచ్చి తన పాపమును ఒప్పుకొనెను గూడను. అయినను అతడు ఉరి పెట్టుకొనెను, పేతురు బ్రదికెను. వ్యత్యాస మెక్కడ? మత్తయి సువార్త తెలుగు భాషాంతరములో యూదా విషయమున వాడబడినది పశ్చాత్తాపమను మాట. యేసు జనులకు బోధించినది మారుమనస్సు. గ్రీకు మూలములోను ఇవి వేర్వేరు పదములే. మొదటిది వెనుకకు చూచి యేడ్చును. రెండవది మరలి నడచును.

యూదా తన తప్పును తానే తూచి, తానే తీర్పు చెప్పి, తానే శిక్ష విధించుకొనెను. ఆ న్యాయస్థానములో కరుణించువా డెవడును లేడు. పేతురు సిగ్గుతోనే తోడివారిమధ్య నిలిచియుండెను. యోహాను సువార్త చివర, సముద్రతీరమున నిప్పులయొద్ద, పునరుత్థానుడైన క్రీస్తు తనయందు ప్రేమ కలదా యని అతనిని ముమ్మారడిగెను. బొంకినదియు నిప్పులయొద్దనే, ముమ్మారే. గాయమున్నచోటనే చేయి వేయబడినది. అంతతో ముగియక, తన మందను కాయుమని పని యప్పగింపబడినది. తప్పు చేసినవానిని మరల నమ్మి పని చెప్పుట, క్రైస్తవక్షమలో నాకు ముఖ్యముగా తోచిన విషయము.

దేవుడు క్షమించెనని దోషి సుఖముగా నిద్రించిన, బాధితునికేమి లాభమని మీరడుగవచ్చును. అడుగదగినదే. జాన్ న్యూటన్ అను ఆంగ్లేయుడు 1748లో సముద్రముమీద తుపానులో చిక్కి దేవునికి మొరపెట్టుకొని భక్తుడయ్యెను. అయినను ఆ తరువాతనే బానిసలను కొనిపోవు ఓడలకు నాయకుడై, 1754 వరకు ఆ ప్రయాణములు చేసెను. పిమ్మట మతాచార్యుడై కీర్తనలు వ్రాసెను. 1788లో గాని ఆ వ్యాపారపు క్రౌర్యమును బయటపెట్టు పుస్తకము ప్రకటింపలేదు. తన యొప్పుకోలు ఆలస్యమైనదనియు, చేసిన కీడును అది సరిదిద్దజాలదనియు అందు దాచక చెప్పెను. 1807లో బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించెను. ఆ సంవత్సరమే న్యూటన్ మరణించెను. భక్తి కుదిరిన నలువదియేండ్లకు నోరు విప్పినవానిని మెచ్చుకొనవలెనా, నిందింపవలెనా? రెండును తగును. క్షమింపబడితినను ధైర్యము లేనివాడు తప్పును దాచును, లేదా దానికి సాకులు వెదకును. ఆ ధైర్యము కలవాడు నలుగురిలో చెప్పగలడు. చెప్పక యూరకున్నచో ఆ క్షమ వానికి నిద్రమందే యగును.

స్తెఫనును రాళ్లతో కొట్టినవారి వస్త్రములకు కావలియున్న పౌలు, వెనుకటివి మరచి ముందుకు సాగుచున్నానని ఫిలిప్పీయులకు వ్రాసెను. తాను సంఘమును హింసించిన మాటయు ఆ లేఖలోనే చెప్పుకొనెను. కాబట్టి అతడు చెప్పిన మరపు, జ్ఞాపకము కాళ్లకు సంకెల గాకుండుటయే.

క్రైస్తవులు ఆశను నిరీక్షణ యందురు. ఎదురుచూచుట యని దాని యర్థము. ఆ బాలుడిప్పుడు ముప్పదియేండ్లు దాటినవాడై యుండవలెను. నా చేతికందని యతడు దేవుని చేతికందనివాడు కాడని నమ్ముటయే నా నిరీక్షణ. ఇప్పుడు నా తరగతిలో శకారము రాని పిల్లవాడు చివరి వాక్యమువరకు చదువును, ఎవరును నవ్వరు. సాయంకాలము వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని నేర్పుదును. పాత బాకీ తీరినదని యనను. కాలిన చేతితోనైనను ఇంకొకని చేయి పట్టుకొనవచ్చును.

చదువరులారా, మీరు నొప్పించిన మనిషి యింకను అందుబాటులో నున్నచో, ఈ వ్యాసమును ప్రక్కన బెట్టి నేడే పోయి కలిసికొనుడు. నాకా భాగ్యము లేకపోయెను.