కాపాడని కవచం

అందంగా ఉండాలనుకోవడం తప్పా? తప్పు కాకపోతే ఆడంబరం ఎక్కడ మొదలవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికేందుకు ఒక రాజు కోసం తయారైన కవచం సంగతి చూద్దాం.

పద్నాలుగవ ఎరిక్ 1560లో స్వీడన్ సింహాసనం ఎక్కాడు. ఆ దశాబ్దంలోనే ఆంట్వెర్ప్ నగరపు స్వర్ణకారుడు ఎలిసియస్ లిబార్ట్స్ ఆయనకూ, ఆయన గుర్రానికీ కవచాలు తయారుచేశాడు. ఉక్కు రేకులపై ఉబ్బెత్తు బొమ్మలు, వాటికి బంగారు పూత. గుర్రపు కవచం మీద గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులిస్ సాహసాలు! ఇలాంటివి ఊరేగింపుల కోసమే. నున్నని కవచం మీద బల్లెం మొన జారిపోతుంది. బొమ్మల గుంటల్లోనైతే చిక్కుకుని లోపలికి దిగుతుంది. అంటే అందం పెరిగిన కొద్దీ రక్షణ తగ్గిందన్నమాట.

తీరా ఆ కవచం రాజును చేరనేలేదు. స్వీడన్‌తో యుద్ధం చేస్తున్న డెన్మార్క్ వారి చేత చిక్కింది. 1568లో సవతి తమ్ములే ఎరిక్‌ను గద్దె దించారు. 1577లో ఆయన చెరలోనే మరణించాడు. 1606లో సాక్సనీ పాలకుడు కొనుక్కున్న ఆ కవచం మాత్రం జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో నేటికీ మెరుస్తోంది.

హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) కూడా రాజే. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడని, కవచాలు నిండుగా, కడియాలు సరైన కొలతతో చేయమని, సత్కార్యాలు ఆచరించమని ఆదేశించాడని ‘సబా’ సూరా తెలుపుతోంది. యుద్ధంలో ప్రజలను కాపాడటమే ఆ విద్య ప్రయోజనమని ‘అంబియా’ సూరా చెబుతోంది. ఆ మేలుకు మీరు కృతజ్ఞులవుతారా అని కూడా అడుగుతోంది.

అంతిమ దైవప్రవక్త (స) పరమపదించే నాటికి ఆయన కవచం ముప్ఫై ‘సా’ల బార్లీ కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉందని బుఖారీ హదీసు ద్వారా తెలుస్తోంది. యుద్ధంలో శరీరాన్ని కాచిన కవచం ఇంటివారి ఆకలినీ తీర్చింది.

ఇస్లాం అందాన్ని కాదనలేదు. మంచి దుస్తులు ఇష్టపడటం గర్వమా అని అడిగితే, అల్లాహ్ అందాన్ని ఇష్టపడతాడని, సత్యాన్ని తిరస్కరించడం, ప్రజలను చులకన చేయడమే గర్వమని దైవప్రవక్త (స) బోధించారు. కనుక తప్పు అలంకారంలో లేదు. వస్తువు ఏ పని కోసం ఉందో ఆ పనిని అలంకారం మింగేసినప్పుడే అది ఆడంబరమవుతుంది.

ఈ గీటురాయిపై మన ఇంటిని కూడా పరీక్షించుకుందాం. అల్మారా పైఅరలో, జరీ అంచు పట్టు జుజ్దాన్‌లో దివ్యఖుర్ఆన్ భద్రంగా ఉంటుంది. దుమ్ము పడనివ్వం. కిందికి దించం. ఆ జుజ్దాన్ గౌరవానికి గుర్తే, సందేహం లేదు. కానీ మనల్ని కాపాడవలసిన గ్రంథాన్ని మనమే కాపాడుతూ కూర్చుంటే, తొడగని కవచానికీ దానికీ తేడా ఏముంది?

దుస్తులన్నిటిలో తఖ్వా దుస్తులే శ్రేష్ఠమని అల్లాహ్ తెలియజేశాడు. ఈ రోజు మగ్రిబ్ తర్వాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ జుజ్దాన్ ముడి విప్పుదాం. ఒక్క రుకూ అయినా అర్థం తెలుసుకుంటూ చదువుదాం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.