ఉపాధి భయం



అలాస్కాకు పడమట బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ అనే దీవి ఉంది. 1944లో అమెరికా తీర రక్షక దళం అక్కడ 29 రెయిన్‌డీర్ దుప్పులను వదిలింది. వేటాడే మృగాలు లేవు. నేలంతా నాచులాంటి లైకెన్ మేత. 1957కి అవి 1350 అయ్యాయి, 1963కి 6000. 1966లో వెళ్ళి చూస్తే మిగిలినవి 42! మేత అయిపోయింది, దానికి తోడు కఠినమైన చలికాలం వచ్చింది. నెమ్మదిగా పెరిగే ఆ లైకెన్ వాటి వేగాన్ని అందుకోలేకపోయింది.

మనిషి గతి కూడా ఇంతేనని భయపెట్టేవారు ఎప్పుడూ ఉన్నారు. 1798లో ఇంగ్లండుకు చెందిన మాల్థస్ (ఆయన మతబోధకుడు కూడా!) జనం పెరిగినంతగా తిండి పెరగదన్నాడు. 1970లలో కోట్లాదిమంది ఆకలితో చనిపోతారని 1968లో పాల్ ఎర్లిక్ రాశాడు. మాల్థస్ కాలంలో సుమారు 100 కోట్లున్న జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది. అయినా ఈ అరవై ఏళ్ళలో తలసరి ఆహారం పెరిగిందే గాని తగ్గలేదు. దుప్పి మేత తినగలదు, నాటలేదు. విత్తనాన్ని మెరుగుపరచే బుద్ధి అల్లాహ్ మనిషికిచ్చాడు.

మరి ఆకలిచావులెందుకు? 1943లో బెంగాల్ కరువులో లక్షలాదిమంది చనిపోయారు. అంతకన్నా తక్కువ ధాన్యం దొరికిన 1941లో అలాంటి కరువు రాలేదని అమర్త్యసేన్ లెక్కలతో చూపారు. 1943లో ధర ఆకాశాన్నంటింది, కూలివాని చేతిలో డబ్బు లేదు. ధాన్యాన్ని దాచినవారూ ఉన్నారు.

పేదరికానికి భయపడి సంతానాన్ని చంపటాన్ని దివ్యఖుర్ఆన్ రెండుచోట్ల నిషేధించింది. పేదరికం ఇప్పటికే ఉన్నవారిని ఉద్దేశించిన చోట (6:151) ముందు తల్లిదండ్రుల ఉపాధి, తర్వాత పిల్లల ఉపాధి ప్రస్తావన ఉంది. రేపు పేదవాళ్ళమవుతామేమోనని బెంగపడేవారి విషయంలో (17:31) ముందు పిల్లల ఉపాధి ప్రస్తావనే వస్తుంది. ఆ బిడ్డ మీ కంచంలోది లాక్కోవటానికి రావటం లేదు, తన వాటాతో వస్తోంది.

ఈ భయం మగబిడ్డ మీద పడదు. అజ్ఞాన కాలపు అరబ్బులు ఆడబిడ్డను ఇసుకలో పూడ్చారు, మనం స్కానింగు గదిలో ఆ పని చేస్తున్నాం. 2011 జనగణనలో ఆరేళ్ళలోపు 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 919 మందే. ‘జోడే కీ రఖమ్’ అడిగి పుచ్చుకునే మనవాళ్ళకు ఈ పాపంలో వాటా లేదా?

అలాగని, ఉపాధి అల్లాహ్ ఇస్తాడు కదా అని భార్య ఆరోగ్యం పట్టించుకోకుండా ఏడాదికో కాన్పు చేయించటం తవక్కుల్ కాదు. ప్రవక్త (స) కాలంలో సహచరులు ‘అజ్ల్’ పాటించేవారని జాబిర్ (రజి) తెలిపారు. భార్య సమ్మతితో గర్భాన్ని ముందే నివారించుకోవటం వేరు, కడుపులోని ఆడబిడ్డను తీసేయటం వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవారు మన మస్జిదుల్లోనూ ఉన్నారు.

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ఇళ్ళలో, హోటళ్ళలో, దుకాణాల్లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. మన వలీమాలు అయ్యాక ఫంక్షన్ హాలు వెనకవైపు ఎప్పుడైనా చూశారా? ఈ సీజనులో మీ ఇంట పెళ్ళి ఉంటే, వంటమనిషికి ఎన్ని దేగ్‌ల బిర్యానీ చెప్పారు?