పోయి పండుకో

1989లో పెనుకొండలో సువార్త కూటాలు జరిగాయి. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. మూడో రాత్రి ప్రసంగం అయిపోయాక, పూర్తికాల సేవకు పిలుపు అందినవాళ్లు లేచి నిలబడమన్నారు. సోమందేపల్లి నుంచి లారీ ఎక్కి పోయిన కుర్రాళ్లం తొమ్మిదిమందిమి. ఎనిమిదిమంది లేచారు. నేను కూర్చునే ఉన్నాను. మొండితనం కాదు, నాకేమీ వినపడలేదు. వినపడిందని లేస్తే అబద్ధమవుతుందని భయం. అప్పుడు ప్రసంగీకుడు మైకులో అన్న మాట ఇంతవరకూ నన్ను వదల్లేదు. దేవుడు పిలవని మనిషంటూ లేడట, చెవి ఒగ్గని మనుషులే ఉన్నారట.

ఆ మాట అబద్ధమని చెప్పడానికి ముప్పై ఆరేళ్లుగా చూస్తున్నాను. నిజమేమో అని భయపడుతూనే ఉన్నాను.

మన సంఘాల్లో అందరూ ఇదే చెబుతారు. మనసు ఖాళీగా పెట్టుకో, నిశ్శబ్దంగా కనిపెట్టు, దేవునికి అందుబాటులో ఉండు, ఆయన పిలుస్తాడు. నేను ఉండి చూశాను. ఉపవాసాలున్నాను. బడికి సెలవు పెట్టి పెనుకొండ కొండ మీద రాళ్ల మధ్య రెండు పగళ్లు కూర్చున్నాను. గాలి వినపడింది, కింద రైలు పోతుంటే వినపడింది, అంతే. మరి మోషేను పిలిచినప్పుడు ఆయన మామ గొర్రెలు మేపుతున్నాడు. గిద్యోను శత్రువుల కంట పడకుండా గోధుమలు దుళ్లగొడుతున్నాడు. ఎలీషా అరక దున్నుతున్నాడు. మత్తయి సుంకం వసూలు చేస్తున్నాడు. వీళ్లలో ఒక్కరు కూడా పని మాని పిలుపు కోసం కూర్చున్నవాళ్లు కారు. మరి ఖాళీగా కూర్చోమని మాకెందుకు నేర్పారు?

ఈ ప్రశ్న దగ్గరికొచ్చినప్పుడల్లా నాకు మా అమ్మ మగ్గం గుర్తొస్తుంది.

మా అమ్మ కూలికి పట్టుచీరలు నేసేది. మగ్గం మాది కాదు, సావుకారిది. పట్టు, జరీ ఆయనే ఇచ్చేవాడు. చీర దింపితే కూలి. ఇంట్లో ఉన్న ఒక్క గదిలో సగం గుంట మగ్గానికే పోయింది. అమ్మ గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, తొక్కుడు చెక్క తొక్కుతూ నాడె కొడుతుండేది. పైన జాకార్డు అట్టలు ఒక్కొక్కటే తిరిగేవి. ఆ చప్పుడు గదిలో కాదు, మా పళ్లలో ఉండేది. నేను గోడకానుకుని కండెలు చుట్టేవాణ్ని. అమ్మతో ఏదైనా చెప్పాలంటే అరవాల్సి వచ్చేది.

దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో మా చెల్లెలుండేది, ఏడో ఎనిమిదో నెలలు. ఒకరోజు అమ్మ ఉన్నట్టుండి నాడె వదిలేసి గుంటలోంచి లేచి ఉయ్యాల దగ్గరికి పోయింది. చెల్లెలు ఏడవలేదు. నేను దానికి రెండు బారల దూరంలోనే ఉన్నాను, నాకేమీ వినపడలేదు. అమ్మ దాన్ని ఎత్తి వీపు నిమిరితే పాలు కక్కింది. ముక్కులోకి పోయి ఊపిరాడక గింజుకుంటోంది. ముఖం నల్లబడింది. అమ్మ నోటితో ముక్కు పీల్చి ఉమ్మేసింది. కాసేపటికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక అమ్మ నేల మీద కూలబడింది.

సాయంత్రం అడిగాను, ఆ సద్దులో నీకెట్లా వినపడిందమ్మా అని.

"వినేదేముందిరా అబ్బీ. ఇది నా సద్దు. దినమంతా చేసేది నేనే కదా. నాది కానిది రవ్వంతొచ్చినా చెవికి తగుల్తాది."

పడుగులో పోగు తెగినా ఆమెకట్లాగే తెలిసేది. కళ్లు పెట్టి వెతికేది కాదు, చెయ్యి తనంతట తానే ఆగేది. వేల పోగుల్లో ఒక్కటి. దాన్ని పట్టుకుని, నోటి తడి అద్ది, ముడేసి, మళ్లీ తొక్కేది.

చాలా ఏళ్లు ఇదే నాకు జవాబనుకున్నాను. దేవుడికి చెవి ఒగ్గడమంటే చప్పుడు మానడం కాదు, మన చప్పుడేదో మనకు తెలిసుండటం. సండే స్కూల్లో పిల్లలకు ఇదే చెప్పాను. ఒకసారి సంఘంలో వాక్యం చెప్పే వంతు వస్తే అమ్మ మగ్గం గురించే చెప్పాను. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు. ముందు వరుసలో ఉన్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

కానీ సమూయేలు కథ దగ్గర ఇది నిలబడదు. ఆ పిల్లవాడు మందిరంలో పడుకుని ఉన్నాడు. తన పేరు వినపడింది. లేచి యాజకుడైన ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అంటే దేవుని స్వరం అతనికి కొత్తగా తగల్లేదు. రోజూ నీళ్లు తెమ్మని, దీపం చూడమని పిలిచే ముసలాయన గొంతులాగే ఉంది. నాది కానిది చెవికి తగులుతుందని అమ్మ అన్నది. అక్కడ తగల్లేదే. అతను దేవుని మందిరంలోనే పెరిగినవాడు, అయినా గుర్తుపట్టలేదు. మరి మగ్గం పక్కన పెరిగిన నేనెట్లా గుర్తుపడతాను? ఎన్నిసార్లు లేచి ఎవరెవరి దగ్గరికో పోయి, పిలిచింది వాళ్లేననుకుని, వాళ్ల పని చేసి వచ్చి పడుకున్నానో.

మా జిల్లాలో పిలుపు గురించి మాట్లాడితే ఫెర్రర్‌ను దాటి పోలేం. విసెంటె ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టి, యేసు సభలో చేరి, 1952లో మన దేశానికి వచ్చాడు. మన్మాడ్ దగ్గర రైతులతో బావులు తవ్వించాడు. 1968లో ఆయన్ను దేశం వదిలి పొమ్మన్నారు. మరుసటి ఏడు తిరిగొచ్చి, కరువు తప్ప ఇంకేమీ లేని అనంతపురానికి చేరాడు. 1970లో సభను వదిలి, అన్నే ఫెర్రర్‌గా మనమెరిగిన ఆమెను పెళ్లి చేసుకున్నాడు. 2009 జూన్ 19న అనంతపురంలోనే పోయాడు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో, తాను కట్టించిన ఆసుపత్రి ఊళ్లోనే, ఆయన్ను మట్టి చేశారు.

మొదటి పిలుపుకు ఆయన ప్రమాణం చేశాడు, తర్వాత దాన్ని వదిలాడు. మరి ఆయన విన్నది ఏది? మొదటిది తప్పుగా విన్నాడా, రెండోది తప్పుగా విన్నాడా? సేవలో చెయ్యి పెట్టి వెనక్కి చూసినవాళ్ల గురించి మనం ఎంత గట్టిగా మాట్లాడతామో నాకు తెలుసు. కానీ ఆయన గురువుగా లేకపోయినా, నలభై ఏళ్లు జనం ఆయన్ను 'ఫాదర్' అనే పిలిచారు. యేసు నామం ఎరగని పల్లెల్లోనూ అదే. మన భాషలో పిలుపు అంటే రమ్మనడమే కాదు, మనిషిని ఏమని సంబోధిస్తామో అది కూడా పిలుపే. ఆయన వదిలినదాన్ని కరువు ఊళ్ల జనం తిరిగి ఆయన చేతికిచ్చారు. ఆయన వదలడం సరైనదో కాదో నేను తేల్చలేను. పైనుంచి వచ్చే పిలుపు, వీధిలోంచి వచ్చే పిలుపు రెండని అనుకుని నేను ఇన్నేళ్లు బతికానేమో అన్న అనుమానం మాత్రం ఆయన వల్లే పట్టుకుంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం వేరే ఉంది.

నేను మా సంఘంలో పెద్దను. పద్నాలుగేళ్లుగా లెక్కలు నా చేతిలోనే ఉన్నాయి. పోయిన నెల ఒక రాత్రి సంఘంలోని ఒక కుర్రాడు ఇంటికొచ్చాడు. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా వైపు పిల్లలు చాలామంది షిఫ్టు బస్సులెక్కారు. వాడూ అట్లా ఎక్కినవాడే. యూనిఫాం కూడా మార్చుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మామా, నిద్ర పట్టడం లేదు. ఒక మాట చెప్పు చెప్పు అని లోపల ఎవరో అంటాంటే లేస్తాండా. దేవుడేనా ఇది?"

"ఏం మాట?" అన్నాను.

తల దించుకున్నాడు. "చెప్పలేను మామా."

ఒక్కసారి కూడా పిలుపు విననివాణ్ని, ఇంకొకడి పిలుపును గుర్తుపట్టాల్సి వచ్చింది. అప్పుడు నాకు ఏలీ కనపడ్డాడు. ఇన్నేళ్లు ఆ కథలో నన్ను నేను పిల్లవాడి చోటే పెట్టుకున్నాను. పిలుపు వినని మనిషి ఆ కథలోనే ఉన్నాడు. చూపు మందగించి, పక్క గదిలో పడుకుని ఉన్నాడు. గుర్తుపట్టిందీ ఆయనే. నా మనసు తేలికైంది. ఆయన అన్నదే నేనూ అన్నాను. "పోయి పండుకో నాయనా. మళ్లీ పిలిస్తే ఆలకించు. పొద్దున డ్యూటీ ఉంది కదా." ప్రార్థన చేసి పంపాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి మూడు రోజులుంది. నాలుగో రోజు మళ్లీ ఆ అధ్యాయం తీశాను, నాకు దొరికిన చోటును ఇంకోసారి చూసుకుందామని. పిల్లవాడు తెల్లవారి మందిరం తలుపులు తీస్తాడు. ఏలీకి చెప్పడానికి భయపడతాడు. ఎందుకంటే రాత్రి విన్నదంతా ఏలీ ఇంటి మీద తీర్పే. ఏలీ పిలిచి, ఒక్క ముక్క కూడా దాచొద్దని ఒట్టేసి అడుగుతాడు. మొత్తం విని, చెప్పింది యెహోవా, ఆయనకు మంచిదనిపించింది చేయనీ అంటాడు.

నేను పండుకో అని చెప్పాను. దాచొద్దని అడగలేదు.

ఆ కుర్రాడి అవ్వ మూడేళ్ల కింద చనిపోయింది. నెలకు 50 రూపాయల సంఘం చందా ఆమె మూడేళ్లు కట్టలేదు. బాకీ తీరేదాకా సమాధుల తోట గేటు తాళం ఇవ్వొద్దని కమిటీ తీర్మానం. మధ్యాహ్నం కావాల్సిన భూస్థాపన పొద్దు గుంకేదాకా ఆగింది. వాళ్లు ఎక్కడెక్కడో తిరిగి 1,800 తెచ్చారు. తెచ్చినవాడు వీడే. నోట్లు చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకున్నాయి. వాటిని విడదీసి లెక్కపెట్టింది నేను. కార్బన్ పెట్టి రసీదు రాసింది నేను. బయట పెట్టె దించి జనం నిలబడి ఉన్నారు. రసీదు పుస్తకంలో రెండో ప్రతి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నీలం అక్షరాలు, నా చేతి రాత, పేరు తప్పు లేకుండా.

వాడు మోస్తున్న మాట ఇదేనో కాదో నాకు తెలియదు. ఇంకేదో కావచ్చు, వాడి పెళ్లి గురించో, ఉద్యోగం గురించో. కానీ ఏం మాట అని అడిగినప్పుడు వాడు నా ముఖంలోకి చూడలేకపోయాడు. నేనూ రెండోసారి అడగలేదు.

ఈ వారం వాడిది రెండో షిఫ్టు. రాత్రి పదకొండు దాటాక బస్సు క్రాసు దగ్గర దింపిపోతుంది. బీరువాలోంచి రసీదు పుస్తకం తీసి సంచిలో పెట్టుకున్నాను. పదిన్నరకే పోయి అక్కడి అరుగు మీద కూర్చుంటాను.